చూసొచ్చామా, తిరిగొచ్చామా?

ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక మాట బాగా నలుగుతోంది. "కవర్ చేసేద్దాం" అని. గుడిని కవర్ చేస్తారు, కోటని కవర్ చేస్తారు, ప్రాజెక్టుని కవర్ చేస్తారు. "ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, అది కూడా కవర్ చేసేద్దాం" అనని మగవాడు మా చుట్టాల్లో అయితే ఒక్కడూ లేడు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, వేలితో నాలుగు చుక్కలు కలిపి, "వన్ డేలో అయిపోతది" అంటారు. అయిపోతది, నిజమే. ఏమైపోతుందన్నదే నా గొడవంతా.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తాను. ఇలా కవర్ చేసే యాత్రల్లో ఇంటి ఆడవాళ్ళు ఏమీ చూడటం లేదు. కారెక్కి వంట గిన్నెలతో సహా వందల కిలోమీటర్లు వెళ్ళి, ఆ గిన్నెలతోనే తిరిగొస్తున్నాం. పైగా "మిమ్మల్ని తిప్పుకొచ్చాం" అనే మాట ఒకటి ఏడాదంతా మోయాలి. ఇది ఇక మానుకోవాలి. మానిపించాలి.

ఉదాహరణకి మెదక్ చర్చి తీసుకుందాం. మా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళకి సెలవులు రాగానే గుర్తొచ్చే ఊళ్ళల్లో అదొకటి. వనపర్తి నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాద్ దాటి మెదక్ చేరాలంటే సుమారు 250 కిలోమీటర్లు. గద్వాల వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ, నాగర్‌కర్నూల్ వాళ్ళకి కొంచెం తక్కువ. ఆగుతూ, టీలు తాగుతూ వెళ్తే ఐదున్నర గంటలు ఎటూ పోవు. రానూపోనూ పదకొండు గంటలు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో వేసిన ప్లాన్ చూడండి. మా బావగారి కారు, మా కారు, మొత్తం తొమ్మిది మందిమి. తెల్లారుజామున ఐదింటికి బయలుదేరాలి. మెదక్ కోట, ఏడుపాయల వనదుర్గమ్మ, పోచారం చెరువు, మెదక్ చర్చి. రాత్రి పదకొండుకల్లా ఇంట్లో ఉండాలి, ఎందుకంటే మర్నాడు డ్యూటీలున్నాయి.

నేను లెక్కల్లో మరీ గట్టిదాన్ని కాదు గానీ ఈ లెక్కకి వేళ్ళు చాలు. ఐదు నుంచి పదకొండు వరకు పద్ధెనిమిది గంటలు. పదకొండు గంటలు రోడ్డు మీదే పోతే మిగిలింది ఏడు. ఆ నాలుగు చోట్ల మధ్య తిరగడానికి రెండు గంటలు తీసేయండి, ఐదు. భోజనానికి ఒకటి, పార్కింగులకీ దర్శనం లైనుకీ గంటన్నర. మిగిలింది రెండున్నర గంటలు, చూడాల్సినవి నాలుగు. అంటే ఒక్కోదానికి నలభై నిమిషాలు కూడా లేవు.

ఆ నలభై నిమిషాలు మగవాళ్ళకి. మనకి అందులోంచి ఇంకా తీసేయాలి. పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళాలి, అది ఎక్కడుందో వెతకాలి. చిన్నదానికి ఆకలి, పెద్దాడికి వాంతులు. అత్తమ్మకి షుగర్ మాత్ర వేళ. సంచీ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. "ఒక ఫోటో తియ్" అని ఫోన్ చేతికిస్తారు. ఇవన్నీ పోగా మన కళ్ళకి మిగిలేది పది నిమిషాలైతే గొప్ప.

ఇక ప్రయాణానికి ముందు సంగతి ఎవరూ లెక్కేయరు. ఐదింటికి కారు కదలాలంటే నేనూ మా యారాలూ రెండింటికి లేవాలి. తొమ్మిది మందికి పులిహోర, నలభై చపాతీలు, బంగాళదుంప కూర, పిల్లలకి పెరుగన్నం, అత్తమ్మకి జొన్నరొట్టెలు, పల్లికారం. మగవాళ్ళు నాలుగున్నరకి లేచి తలస్నానం చేసి, "ఇంకా కాలేదా?" అని అడిగి, కారు తుడిచి, ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో చూసుకుంటారు. ఆ తుడవడాన్నీ చూసుకోవడాన్నీ నేను చిన్నబుచ్చడం లేదు. కానీ రెండింటికి లేచిన మనిషి మధ్యాహ్నానికి కోట మెట్లు ఎక్కలేకపోతే "మీ ఆడోళ్ళకు ఓపిక లేదు" అంటారు చూడండి, అక్కడ మండుతుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి, మనలో మనకి సిగ్గెందుకు. పొద్దున బయలుదేరిన దగ్గర్నుంచి గొంతు తడుపుకోవడం తప్ప నీళ్ళు తాగని ఆడవాళ్ళు ప్రతి కారులోనూ ఉంటారు. దారిలో ఆపమంటే "ముందర మంచి హోటల్ వస్తది" అంటారు. ఆ మంచి హోటల్ యాభై కిలోమీటర్లకి గానీ రాదు. టైమ్ టేబుల్ బిగిసిపోయినప్పుడు ముందుగా కోత పడేది మన ఒంటి అవసరాలకే. యాత్ర నుంచి వచ్చిన మూడో రోజు మూత్రంలో మంటతో డాక్టర్ దగ్గర కూర్చున్న వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తితే తెలుస్తుంది.

సరే, ఆ రోజు ఏం జరిగిందంటారా? ఏం జరుగుతుంది, ఏడుపాయల్లో లైను పెద్దగా ఉంది. పోచారం దగ్గర పిల్లలు నీళ్ళు చూసి కదల్లేదు. మెదక్ చర్చి దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు దిగిపోయాడు. లోపలికి వెళ్ళి పైకి చూస్తే అద్దాల కిటికీలు నల్లగా, పలకల్లాగా ఉన్నాయి.

ఆ చర్చికి ప్రాణం ఆ కిటికీలే. మూడున్నాయి. ఏసుక్రీస్తు పుట్టుక, శిలువ వేయడం, పరలోకానికి ఆరోహణం. రంగు అద్దాల ముక్కలు కలిపి చేసిన బొమ్మలు, ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడి పని. వాటికి వెలుగు బయట్నుంచి రావాలి. లోపల ఎన్ని బల్బులు వేసినా లాభం లేదు. బయట ఎండ ఉంటేనే లోపల ఉన్నవాళ్ళకి బొమ్మ కనపడుతుంది. చీకటి పడితే అంతే సంగతులు. అంటే అది పగలు మాత్రమే చూడగలిగిన చోటు. మా ప్లాన్‌లో దాన్ని ఆఖర్న పెట్టారు, "దగ్గర్లోనే కదా, పోయేటప్పుడు కవర్ చేద్దాం" అని. ఐదొందల కిలోమీటర్ల పెట్రోలు పోసి, చూడటానికి వెళ్ళినదాన్ని చూడకుండా వచ్చాం. గుమ్మం ముందు నిలబడి దిగిన గ్రూప్ ఫోటో మాత్రం బాగా వచ్చిందన్నారు. అందులో నేను లేను, తీసింది నేనే కదా.

అసలు ఆ చర్చి ఎలా పుట్టిందో తెలిస్తే ఈ హడావుడి ఎంత అన్యాయమో తెలుస్తుంది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ కట్టించాడు. 1914లో మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ళు పట్టింది. అవి కరువు రోజులు. ఊరికే దానం చేయడం కాకుండా పని ఇచ్చి కూడు పెట్టాలన్న ఆలోచనతో చుట్టుపక్కల ఊళ్ళ జనానికి అక్కడ పని కల్పించారు. గోపురం 175 అడుగుల ఎత్తు. లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఐదువేల మంది పడతారంటారు. నేల మీది రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, పరిచింది ఇటలీ మేస్త్రీలు. 1947లో దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడ్డాక మెదక్ అధ్యక్ష మండలానికి ఇదే ముఖ్యమైన చర్చి అయింది. 2024 క్రిస్మస్‌కి నూరేళ్ళు నిండాయి. ఆకలితో ఉన్న మనుషులు పదేళ్ళు కట్టినదాన్ని పది నిమిషాల్లో "అయిపోయింది" అనడానికి మనకి నోరెలా వస్తుంది?

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మా ఇంట్లోనూ వచ్చింది. "చర్చిల మనకేం పని? గుడైతే కూసుంటం గాని, గాడ ఫోటో దిగి వచ్చుడే." ఈ మాట అనేవాళ్ళు పాలమూరులో పుట్టి పెరిగినవాళ్ళేనా అనిపిస్తుంది నాకు. మన ఊళ్ళల్లో పీర్ల పండుగకి పీరు ముందు నీళ్ళు ఆరబోసేది ఎవరు? దర్గాకి పోయి పిల్లలకి తాయెత్తు కట్టించుకునేది ఎవరు? విజయవాడ గుణదల మేరీమాతకి ఫిబ్రవరి ఉత్సవాల్లో కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలిచ్చే వాళ్ళందరూ క్రైస్తవులేనా? మొక్కు అనేది ముందు నుంచీ మన ఆడవాళ్ళ చేతిలో ఉన్న వ్యవహారం. బిడ్డకి జ్వరం తగ్గాలంటే ఏ గడప దగ్గరైనా కొంగు పట్టాం. అప్పుడు లేని పట్టింపు, ఒక అరగంట నిశ్శబ్దంగా కూర్చోవడానికి ఎందుకొచ్చింది?

పోనీ భక్తి పక్కన పెట్టండి. మర్యాద సంగతి చూద్దాం. మనకి సెలవు ఆదివారం. అక్కడ ప్రార్థన కూడా ఆదివారమే. నలుగురు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే మధ్యలోంచి సెల్ఫీ కర్ర పట్టుకుని నడవడాన్ని ఏమంటారు? మన గుడిలో హారతి ఇస్తుండగా ఎవరైనా వచ్చి దేవుడికి వీపు పెట్టి ఫోటో దిగితే ఊరుకుంటామా? కవర్ చేసే తొందరలో ఇంకొకరి దేవుడి దగ్గర ఎలా ఉండాలో పిల్లలకి నేర్పే అవకాశం కూడా పోగొట్టుకుంటున్నాం. ఆ నేర్పించడం ఏ స్కూలు పుస్తకమూ చేయదు.

నా గొడవ చర్చికి మాత్రమే పరిమితం అనుకోకండి. మన అలంపురానికి వెళ్ళినా ఇదే తంతు. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు తొమ్మిది ఉన్నాయి. బాదామి చాళుక్యుల నాటివి, పదమూడు వందల ఏళ్ళ కిందటి రాళ్ళు. జోగులాంబ దర్శనం చేసుకుని, బాలబ్రహ్మకి దండం పెట్టుకుని కారెక్కేస్తాం. మిగతా ఎనిమిది గుళ్ళ పేర్లు గద్వాల జిల్లాలో ఎంతమంది పిల్లలు చెప్పగలరు? శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. రాయిని రాయి మీద మళ్ళీ పేర్చిన ఓపిక వాళ్ళది. రెండు నిమిషాలు ఆగి ఆ గోడ చూడలేని తొందర మనది. అక్కడ్నుంచి కర్నూలు వెళ్ళి ఏదో కవర్ చేయాలట.

వెనకటి వాళ్ళు బండ్లు కట్టుకుని కురుమూర్తి జాతరకి పోయేవాళ్ళు. మూడు రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళు. అవును, అప్పుడూ వండింది ఆడవాళ్ళే, దాన్ని నేను పొగడటం లేదు. కానీ ఎడ్లకి అలసట ఉంటుంది కాబట్టి మనుషులకీ విశ్రాంతి దొరికేది. రాత్రి అక్కడే పడుకునేవాళ్ళు. గాజులు కొనుక్కోవడానికీ, చుట్టాలతో మాట్లాడటానికీ, కొండ వైపు ఊరికే చూస్తూ కూర్చోవడానికీ టైము ఉండేది. కారుకి అలసట లేదు. అందుకని మనకీ ఉండకూడదన్నట్టు తయారైంది.

మగవాళ్ళు చెప్పే జవాబులు నాకు కంఠతా వచ్చు. మొదటిది, "ఖర్చు". నాలుగు చోట్లకి తిరిగితే ఖర్చు ఎక్కువా, ఒక్క చోటికి వెళ్తే ఎక్కువా? ఖర్చే బాధ అయితే మూడు చుక్కలు తీసేయండి, పెట్రోలు మిగులుతుంది. రెండోది, "వండమని ఎవరు చెప్పిన్రు? హోటల్ల తింటుంటిమి గద!" ఈ మాట బిల్లు రాకముందు మాట. తొమ్మిది మందికి రెండు పూటల బిల్లు చూశాక "ఇంట్లోంచి తెచ్చుకుంటే అయిపోయేది" అనే మాట కూడా వీళ్ళదే. వండాలంటే అందరం రెండింటికి లేద్దాం. వద్దంటే బిల్లు కట్టి ఊరుకోండి. మూడోది, "ఫోటోలున్నయ్ గద, ఇంటికొచ్చి సూస్కో." ఫోటోలోనే చూసుకునేటట్టయితే ఇంట్లోనే కూర్చుని చూసేదాన్ని కదా, రెండింటికి లేవడం దేనికి? నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, "మల్ల ఎప్పుడొస్తమో ఏమో". మళ్ళీ రామేమో అన్న భయం ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువసేపు నిలబడి చూడాలి గానీ, ఇంకా తొందరగా వెళ్ళిపోతారా?

నేను ఊరికే గొణగటం లేదు. రెండోసారి వెళ్ళి చూపించాను. ఫిబ్రవరిలో నేనూ, మా యారాలూ, అత్తమ్మా ముగ్గురమే బయలుదేరాం. కారు లేదు, డ్రైవరు లేడు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకి సున్నా టికెట్ ఉండనే ఉంది. ఆధార్ కార్డు చూపించి ఎక్కాం. రాత్రికి హైదరాబాద్‌లో మా చెల్లెలింట్లో ఆగాం. మర్నాడు, వారం మధ్యలో, పొద్దున్నే మెదక్ బస్సు. పిల్లల్ని రెండు రోజులు వాళ్ళ నాన్నలే చూసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. స్కూలు బ్యాగులో లంచ్ బాక్సు ఒకటి మర్చిపోయారట, అంతే.

పదిన్నరకి చర్చి లోపల బెంచీ మీద కూర్చున్నాం. బయట మంచి ఎండ. ఆ రోజు నల్ల పలకల్లా ఉన్న అద్దాలు నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో వెలుగుతున్నాయి. ఏసు పుట్టిన బొమ్మ వైపు అత్తమ్మ చాలాసేపు చూసింది. "గీమె బాలింతనేనా?" అని అడిగింది. అవునన్నాను. నిండు నెలల మనిషి దూరపు ఊరికి ప్రయాణమై పోతే, సత్రంలో చోటు లేదన్నారని, పశువుల పాకలో కనాల్సి వచ్చిందని నాకు తెలిసిన కథ చెప్పాను. "మొగోళ్ళు ముందుగాల అర్సుకోవద్దా సోటున్నదో లేదో!" అంది అత్తమ్మ కోపంగా. రెండువేల ఏళ్ళ కిందటి సంగతికి ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే నవ్వే మాట కాదు. ఒంటి మీదికి వచ్చిన ఆడమనిషి దారిలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ కూర్చోవాలి అన్న ప్రశ్నకి ఇప్పటికీ మన ప్లానుల్లో చోటు లేదు కదా.

తర్వాత కరువు సంగతి చెప్పాను. అత్తమ్మ చిన్నప్పుడు కరువు పనికి పోయి తట్టలతో మట్టి మోసిన మనిషి. రోజంతా మోస్తే ఇంత జొన్నలు కొలిచి ఇచ్చేవారట. గోడల వైపు, స్తంభాల వైపు మళ్ళీ కొత్తగా చూసింది. "అయితే గిది మనసొంటోళ్ళు కట్టిందే," అంది. చర్చిలో మనకేం పని అన్న ప్రశ్నకి ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆవిడ చేత ఈ మాట అనిపించే టైము ఎవరి దగ్గరా లేకపోయింది. ఆ రోజు మోకాళ్ళ నొప్పులని కారులోనే కూర్చోబెట్టి వెళ్ళారు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, వచ్చే సెలవులకి ప్లాన్ వేసేటప్పుడు పక్క గదిలో బట్టలు మడతపెడుతూ ఉండకండి. వెళ్ళి మ్యాప్ ముందు కూర్చోండి. ఒక రోజుకి ఒక్క చోటు, మహా అయితే రెండు. ఎక్కడికి ఏ వేళకి వెళ్తే బాగుంటుందో కనుక్కున్నాకే బండి తియ్యాలి. సంచీ కాపలా వంతులవారీగా, అందులో మగవాళ్ళకీ వంతు. రెండు గంటలకోసారి ఆగాల్సిందే, ఎవరూ అడగక్కర్లేకుండా. పెద్దవాళ్ళని కారులో వదిలి వెళ్ళే చోటైతే ఆ చోటు లిస్టులోంచి తీసేయాలి. వంట ఉంటే అందరి చేతులూ పడాలి, లేదంటే హోటలు.

"ఇన్ని రూల్సు పెడితే ట్రిప్పే వద్దు" అంటారేమో. అనుకోనివ్వండి. మనం ఏం పోగొట్టుకుంటాం? రెండింటికి లేవడమా, నీళ్ళు తాగకుండా ఉండటమా, ఇంకొకరి ఫోటోలు తీయడమా? బస్టాండుకి ఫోన్ చేస్తే బస్సు టైములు చెప్తారు. ఆధార్ కార్డు మీ బీరువాలోనే ఉంది. తోడికోడల్ని పిలవండి, అత్తమ్మని అడగండి. రాననే అంటుంది మొదట. రెండోసారి అడగండి.